బైబిలు చుట్టూ పది మంది కూర్చున్నప్పుడు

మన ఊళ్లలో ఇంటి కూడిక ఎలా సాగుతుందో చర్చికి వెళ్లేవాళ్లెవరైనా చెప్పగలరు. రెండు పాటలు, ప్రారంభ ప్రార్థన, వాక్యభాగం, అయ్యగారి సందేశం, మనవులు, ముగింపు ప్రార్థన, చివర టీ బిస్కెట్లు. వచ్చినవాళ్లు పాడతారు, మనవులు చెప్పుకుంటారు, ఆమెన్ అంటారు. చదివిన వాక్యం గురించి మాట్లాడేది మాత్రం ఒక్కరే. ఈ అలవాటులో పెరిగినవాళ్లని పది మంది గుండ్రంగా కూర్చున్న చిన్న గుంపులోకి పిలిచి, "ఇప్పుడు చదివినదాంట్లో మిమ్మల్ని తాకిన మాట ఏది?" అని అడిగితే తికమక మొదలవుతుంది. ఒకాయన చిన్న ప్రసంగం ఎత్తుకుంటాడు. ఇంకొకాయన గ్రీకు మూలంలో ఏముందో వివరిస్తాడు. ఒకామె పోయినేడు తనకు దొరికిన స్వస్థత గురించి సాక్ష్యం చెబుతుంది. ఇంకొకామె కొడుకు ఉద్యోగం కోసం ప్రార్థించమంటుంది. అన్నీ మంచివే, కానీ దేని దారి దానిది. అన్నీ ఒకే గంటలో వచ్చి పడితే ఏదీ తెమలదు.

వాక్యంతో కలిసి ప్రార్థించే గుంపులకు కొన్ని నియమాలుంటాయి. కొత్తగా చూసేవాళ్లకు అవి వింతగా తోస్తాయి. ఒకరు మాట్లాడాక రెండోవాళ్లు దానికి జవాబు చెప్పకూడదట. ఎవరూ బోధించకూడదట. మధ్యలో కొన్ని నిమిషాలు ఎవరూ నోరెత్తకూడదట. ప్రార్థన అంటే గొంతెత్తి కన్నీళ్లతో చేసేదని నేర్చుకున్న మనకు ఆ మౌనం చప్పగా కూడా అనిపించవచ్చు. ఆ నియమాలు ఎందుకొచ్చాయో తెలియాలంటే ముందు చిక్కు విడదీసుకోవాలి.

బైబిలు స్టడీ అడిగే ప్రశ్న ఇది: రాసినవారు ఎవరితో, ఏ పరిస్థితిలో, ఏమన్నారు? దానికి చదువుకున్నవాళ్లు కావాలి, పుస్తకాలు కావాలి, వాదన కూడా కావాలి. ప్రసంగం ఆ అర్థాన్ని సంఘం మొత్తానికి వర్తింపజేస్తుంది. దాని బాధ్యత సంఘం నియమించిన మనిషిది. ధ్యానం అడిగేది ఇంకోటి: ఈ మాట ఇవాళ నన్నేం అడుగుతోంది? దానికి డిగ్రీ అక్కర్లేదు, నిజాయితీ ఉంటే చాలు. ఆ ధ్యానంలో విన్నదాన్ని పక్కవాళ్ల ముందు పెట్టడమే విశ్వాసాన్ని పంచుకోవడం. విశ్వాసం పంచుకోవడం అనగానే చాలామందికి బయటివాళ్లకు సువార్త చెప్పడం గుర్తొస్తుంది. ఇక్కడి సంగతి అది కాదు. ఇది నమ్మినవాళ్లు తమలో తాము చేసుకునే పని.

మరి సాక్ష్యం? మన దగ్గర ఎక్కువ తకరారు వచ్చేది ఇక్కడే. మన సాక్ష్యానికి ఒక అచ్చు పడిపోయింది. ముందు కష్టం, తర్వాత ప్రార్థన, చివర విజయం, అందరి నోటా స్తోత్రం. కథ ముగిసినవాళ్లే సాక్ష్యం చెప్పగలరు. జబ్బు ఇంకా తగ్గనివాడికి, భర్త తాగుడు ఇంకా మానని ఆమెకు, మూడేళ్లుగా ప్రార్థిస్తున్నా జవాబు రానివాళ్లకు అందులో చోటు లేదు. వాళ్లు సాక్ష్యాల వేళ తల దించుకుని కూర్చుంటారు, లేదా లేని విజయాన్ని కొంచెం కల్పించి చెబుతారు. బైబిలు మాత్రం వాళ్లకు చోటిచ్చింది. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాట మీదే ఆగిపోతుంది. ఆ తర్వాత ఓదార్పు వచనం లేదు. సగంలో ఉన్న విశ్వాసాన్ని సగంలోనే చెప్పుకునే వీలు ఇవ్వడమే చిన్న గుంపు చేసే పెద్ద మేలని నాకనిపిస్తుంది. పెద్ద కూడికలో ఎంత మంచి అయ్యగారున్నా అది కుదరదు.

మఠం నుంచి పల్లెకు

ఈ రకం చదువుకు పాత పేరు లెక్సియో దివీనా. ఈ లాటిన్ మాటకు దైవపఠనం అని అర్థం. 6వ శతాబ్దంలో బెనెడిక్టు అనే సన్యాసి తన మఠానికి రాసిన నియమావళిలో పొలం పనికి వేళలు పెట్టినట్టే ఈ పఠనానికీ రోజూ వేళలు పెట్టాడు. 12వ శతాబ్దంలో గీగో అనే కార్తూసియన్ సన్యాసి దీనికి నాలుగు మెట్ల నిచ్చెన గీశాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరికే ఉండిపోవడం. చదవడమంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానమంటే నమలడం, ప్రార్థనలో రుచి తెలుస్తుంది, నాలుగో మెట్టు ఆ తీపే అంటాడాయన. 1965లో కతోలిక బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ బైబిలు పఠనం సన్యాసులకే కాదు, విశ్వాసులందరికీ చెందిందని, ప్రార్థనతో కలిపి చదవమని చెప్పింది. 2010లో పోప్ 16వ బెనెడిక్ట్ ఆ నాలుగు మెట్లనూ వివరిస్తూ, చదివింది చేతల్లోకి రాకపోతే ఈ పఠనం పూర్తయినట్టు కాదన్నారు.

గీగో నిచ్చెన ఒంటరి మనిషిది. గదిలో ఒక్కడే కూర్చుని పెదవులు కదుపుతూ చదువుకునే సన్యాసికి పక్కవాడి నోటితో ఇబ్బంది లేదు. అదే పద్ధతిని పది మంది మధ్యకు తెస్తే ఇబ్బంది మొదలవుతుంది. ఎవరు ఎంతసేపు మాట్లాడాలి, ఎవరి మాట చెల్లాలి, ఎవరు ఊరుకోవాలి?

దీనికి బాగా పనికొచ్చే జవాబు దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. అక్కడి కతోలిక బిషప్పులు నడిపిన లుమ్కో సంస్థలో జర్మనీ నుంచి వెళ్లిన ఇద్దరు గురువులు, ఫ్రిట్జ్ లోబింగర్, ఓస్వాల్డ్ హిర్మర్, ఏడు మెట్ల పద్ధతి ఒకటి తయారుచేశారు. తర్వాత ఇద్దరూ అక్కడే బిషప్పులయ్యారు. వాళ్ల ముందున్న సమస్య మన విచారణల్లో (పారిష్‌లలో) పనిచేసే గురువులకు కొత్తది కాదు. ఒక గురువు కింద దూరదూరంగా ఎన్నో పల్లెలు, ఆయన నెలకోసారి వస్తే గొప్ప. మిగతా రోజుల్లో అక్కడి జనం వేదాంతం చదివిన మనిషి లేకుండానే బైబిలు తెరవాలి. అలాగని దారి తప్పకూడదు, ఊళ్లో నోరున్నవాడి చేతిలో చిక్కుకోకూడదు. తూర్పు ఆఫ్రికా బిషప్పులు 1970ల్లోనే, ఇరుగుపొరుగు విశ్వాసులు కూడే చిన్న క్రైస్తవ సమాజాలు తమ మొదటి పని అని తీర్మానించుకున్నారు. ఆసియా బిషప్పుల సమాఖ్య 1990లో ఇండొనేసియాలోని బాండుంగ్‌లో కూడి, సంఘమంటే సమాజాల సమాజమని చెప్పింది. ఆ తర్వాత ఈ ఏడు మెట్లు ఆసియా విచారణలకూ చేరాయి.

ఏడు మెట్లూ ఒక భాగంతో

మార్కు 10:46-52 తీసుకుందాం. యెరికో దారి పక్కన కూర్చుని అడుక్కునే గుడ్డివాడు బర్తిమయి కథ. ఏడే వచనాలు.

మొదటి మెట్టు ప్రభువును పిలవడం. ఎవరో ఒకరు చిన్న ప్రార్థన చేస్తారు. రెండోది చదవడం. అందరూ ఆ పేజీ తీశాకే మొదలుపెట్టాలి. ఒకరు నిదానంగా చదువుతారు, అంతే.

మూడో మెట్టు దగ్గర ఆగాలి. ఇక్కడ ఎవరికి తట్టిన మాటను వాళ్లు పైకి చదువుతారు. వివరణ ఉండదు, మాట మాత్రమే. "నన్ను కరుణింపుము" అని ఒకరంటారు. కాస్త విరామం. "ఊరకుండుమని అనేకులు వానిని గద్దించిరి" అని ఇంకొకరు. మళ్లీ విరామం. "ధైర్యము తెచ్చుకొనుము" అని మూలనున్న ముసలావిడ. "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని ఒక కాలేజీ అబ్బాయి. ఈ మెట్టులో చదువు రానివాళ్లు కూడా చదువుకున్నవాళ్లతో సమానమవుతారు. విన్నదాంట్లోంచి ఒక ముక్క చెప్పడానికి అక్షరాలు అక్కర్లేదు కదా. అందుకే భాగాన్ని రెండుసార్లు చదివించడం మంచిది. ఇంకో సంగతి. మన బైబిలు తెలుగు గ్రాంథికం. ఆ మాటలు చాలామందికి కంఠస్థమై ఉంటాయి. కంఠస్థమైనదాన్ని మనం వినడం మానేస్తాం. "వాడు బట్టను పారవేసి, దిగ్గునలేచి" అన్న ముక్కను ఎవరో విడిగా పైకి చదివేదాకా, ఆ బట్ట అడుక్కునేవాడి మొత్తం ఆస్తి అయివుండొచ్చని తోచదు.

నాలుగోది మౌనం. మూడు నుంచి ఐదు నిమిషాలు. మొదటి కూడికల్లో ఇది నరకంలా ఉంటుంది. ఎవరో దగ్గుతారు, ఎవరో ఫోన్ చూసుకుంటారు, ఎవరో స్తోత్రం స్తోత్రం అని మొదలుపెడతారు. నడిపేవాళ్లు ఎంతసేపో ముందే చెప్పి, ఆ సమయం అయ్యాక తామే ముగిస్తే మిగతావాళ్లు కుదుటపడతారు. ఈ మెట్టును ఎగరగొడితే ఐదో మెట్టులో వచ్చేవి పాత ప్రసంగాల ముక్కలే.

ఐదోది పంచుకోవడం. ఏ మాట తాకింది, ఎందుకు తాకింది? ఇక్కడి నియమాలు రెండే. "నేను" అని మాట్లాడాలి, "మనం", "మీరు", "ఈ కాలం క్రైస్తవులు" అనకూడదు. ఒకరు చెప్పినదానికి వ్యాఖ్యానం చేయకూడదు. "మనమందరం బర్తిమయిలా కేక వేయాలి" అంటే అది ప్రసంగం. "నన్నూ ఊరుకోమన్నారు. ఆస్తి పంపకాలప్పుడు మా అన్నలు. అప్పటినుంచి ఊరుకునే ఉన్నాను" అంటే అది పంచుకోవడం. ఆ మాట విన్న వెంటనే మనకు నోరు దురద పెడుతుంది. లాయరు పేరు చెప్పాలనిపిస్తుంది, క్షమించమని ఒక వచనం చెప్పాలనిపిస్తుంది, మా ఇంట్లోనూ ఇంతేనండి అని మొదలుపెట్టాలనిపిస్తుంది. జవాబు చెప్పకూడదన్న నియమం పుట్టింది ఈ దురద కోసమే. సలహా వచ్చిందంటే చెప్పినామె రోగి అవుతుంది, విన్నవాళ్లు డాక్టర్లవుతారు. రెండో వారం ఆమె నోరు విప్పదు.

ఆరో మెట్టును చాలా గుంపులు మొక్కుబడిగా దాటేస్తాయి. ఈ వాక్యం చదివాక మన గుంపు చేయాల్సిన పని ఏమైనా ఉందా అని ఇక్కడ అడగాలి. పని అంటే పనే: ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారు? బర్తిమయి కథ చదివిన గుంపు, తమ వీధిలో కంటి శుక్లం ఆపరేషనుకు తోడెళ్లే మనిషి లేక ఆగిపోయిన ముసలాయన్ని గురువారం ఆస్పత్రికి తీసుకెళ్లాలని అనుకోవచ్చు. వచ్చే వారం అదే మెట్టు దగ్గర, తీసుకెళ్లారా లేదా అని అడగాలి. చర్చించుకోవడం ఒక్క ఈ మెట్టులోనే చెల్లుతుంది. ఏడోది సొంత మాటల్లో ప్రార్థన, ఎవరికి ఎంత వస్తే అంత. ఒక్క వాక్యం చాలు.

ఎవరికి తోచింది వాళ్లు చెబితే?

పెద్దలు వేసే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్న కూడా. తాకిన మాట, తాకిన మాట అంటూ పోతే వాక్యానికి ఉన్న అర్థం ఏమవుతుంది?

మనకు బాగా తెలిసిన ఉదాహరణే చూద్దాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు పంచుతారు కదా, వాటిలో యిర్మీయా 29:11 తప్పకుండా ఉంటుంది. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే వచనం. ఆ కార్డు వచ్చినవాళ్లు ఈ ఏడాది వీసా వస్తుందనో, పెళ్లి కుదురుతుందనో పర్సులో దాచుకుంటారు. ఆ మాట మొదట యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలో వెళ్లింది బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు. పై వచనంలోనే డెబ్బై ఏళ్లు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి సొంతూరు చూడరు. ఇంకాస్త పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. కార్డుకు ఇవేవీ పట్టవు.

అలాగని ఆ వచనం మనల్ని తాకకూడదా? తాకవచ్చు. కాకపోతే అది ఏం చెబుతోంది అన్నది ఒక సంగతి, నన్నెక్కడ తాకింది అన్నది ఇంకో సంగతి. రెండోది మొదటిదాన్ని కాదనకూడదు. చిన్న గుంపు చేయగలిగిన కాపలా సులువే: ఒక్క వచనం కాకుండా మొత్తం భాగం చదవాలి. కూడిక మొదట్లో రెండు నిమిషాలు, అంతకు మించకుండా, ఎవరు ఎవరికి రాసిందో చెప్పాలి. పంచుకునేవాళ్లు "నాకు" అని మాట్లాడటంలో రెండో లాభం ఇక్కడ తెలుస్తుంది. "దేవుడు నాతో చెప్పాడు, మీరు ఈ ఇల్లు అమ్మేయాలి" అనే రకం మాటకు ఆ నియమం దారి మూసేస్తుంది. సిద్ధాంతం మీద సందేహం వస్తే రాసి పెట్టుకుని బైబిలు స్టడీ రోజున అయ్యగారిని అడగాలి. ఆ రాత్రే తేల్చుకోవాలనుకుంటే ప్రార్థన పోతుంది, వాదన మిగులుతుంది.

పెద్దల ప్రశ్న వెనక ఇంకో భయం కూడా ఉండేది, దాన్ని దాచనక్కర్లేదు. గురువు లేకుండా జనం బైబిలు తెరిస్తే అధికారం ఎవరిది అన్న భయం. ఇంగ్లాండులో 1664 నాటి చట్టం ఒకటి, రాజ్యం గుర్తించిన సంఘం పద్ధతికి వెలుపల, ఇంటివాళ్లు కాక ఐదుగురు గానీ అంతకు మించి గానీ ఆరాధనకు కూడితే నేరమంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1670లో ఫిలిప్ యాకోబ్ ష్పేనర్ అనే లూథరన్ పాస్టరు తన ఇంట్లోనే ఇలాంటి కూడికలు మొదలుపెడితే, సంఘం చీలిపోతుందని గోల చేసినవాళ్లు చాలామంది. ఆ కూడికల నుంచి పుట్టిన ఉద్యమానికి జర్మనీలోని హాల్లే పట్టణం కేంద్రమైంది. తమిళ తీరంలోని తరంగంబాడికి 1706లో మొదటి ప్రొటెస్టంట్ మిషనరీలు వచ్చింది ఆ హాల్లే చలవతోనే. వాళ్ల తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలును తెలుగు చేశాడు. అది అచ్చుకు నోచుకోలేదు గానీ, బైబిలును తెలుగులోకి తేవాలన్న తొలి తపన ఇంట్లో గుండ్రంగా కూర్చుని చదివిన జనం వారసులది.

మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1742లో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టుల మందిరం మీద అప్పుంది. తలా వారానికి ఒక పెన్నీ వేసుకుందామని ఫోయ్ అనే కెప్టెన్ అన్నాడు. బీదవాళ్లు ఇవ్వలేరే అని ఎవరో అంటే, అందరికంటే బీదవాళ్లను పదకొండు మందిని నాకప్పగించండి, వాళ్లు ఇవ్వలేకపోతే నేనే వేస్తానన్నాడు. అలా పన్నెండేసి మంది గుంపులు ఏర్పడ్డాయి. పెన్నీల కోసం వారం వారం ఇళ్లకు వెళ్లినవాళ్లకు అక్కడి కష్టాలు, తాగుడు, గొడవలు కనబడ్డాయి. ఆ కబురు విన్న వెస్లీకి, ఇన్నాళ్లూ తను వెతుకుతున్నది ఇదేనని తోచింది. చందా వసూలు కాస్తా ఆత్మల బాగోగులు అడిగే కూడిక అయింది. మెదక్‌లో 1924లో ప్రతిష్ఠించిన ఆ పెద్ద చర్చిని కట్టినవాళ్లు ఈ వెస్లీ మెథడిస్టులే.

పన్నెండు అన్న లెక్కలో తెలివి ఉంది. పంచుకోవడానికి నలభై నిమిషాలు దొరికితే పది మందికి తలా నాలుగు నిమిషాలు. ఇరవై మంది అయితే రెండేసి. అప్పుడు మాట్లాడేది అలవాటున్న నలుగురే. మన ఇళ్లలో ఆ నలుగురు ఎవరో చెప్పక్కర్లేదు: ముందు మగవాళ్లు, వాళ్లలో సంఘ పెద్దలు, వాళ్లలో ఉద్యోగం చేసేవాళ్లు. అత్తగారు ఎదురుగా ఉంటే కోడలు "నన్ను తాకిన మాట" అంటూ ఏం చెబుతుంది? నియమం ఎంత మంచిదైనా ఇంటి మర్యాదలను ఒక్క రాత్రిలో తుడిచేయదు. కాబట్టి ఒకే ఇంటివాళ్లను వేరువేరు గుంపుల్లో వేయడం, ఆడవాళ్లకు విడిగా కూడిక పెట్టడం, మొదట మాట్లాడే వంతు పెద్దలకు ఇవ్వకపోవడం వంటి ఏర్పాట్లు కావాలి. వెస్లీ కూడా మనసు లోతులు విప్పే చిన్న బృందాలను ఆడవాళ్లకు, మగవాళ్లకు విడివిడిగానే పెట్టాడు. పాస్టరుగారు వస్తే ఆయనకూ మిగతావాళ్లలాగే ఒక్క వంతు. ఇది చెప్పడం తేలిక, ఆయన ముందు అనడం కష్టం. ఆయనే ముందుగా ఆ మాట అంటే గుంపు బతుకుతుంది.

ఇక గుట్టు. ఇక్కడే ఎక్కువ గుంపులు కూలిపోతాయి, అదీ ప్రార్థన పేరుతోనే. "ఆ అక్క కోసం ప్రార్థించండి, వాళ్లాయన..." అని మొదలయ్యే వాట్సాప్ మెసేజీ రాత్రికి రాత్రే సంఘమంతా తిరిగొస్తుంది. పంపినవాళ్లకు తాము చాడీ చెప్పామని కూడా అనిపించదు. జర్మన్ పాస్టరు డీట్రిక్ బాన్‌హాఫర్ 1935 నుంచి ఫింకెన్‌వాల్డెలో నడిపిన సెమినరీలో (పాస్టర్లను తయారుచేసే బడిలో) దీనికో కట్టడి ఉండేది: ఎదుట లేని సహోదరుడి గురించి మాట్లాడకూడదు, నోరు జారి మాట్లాడితే ఆ సంగతి అతనికే చెప్పాలి. రెండో సగంలోనే ఉంది కిటుకు. తన నోటితో ఒప్పుకోవాల్సి వస్తుందని తెలిసినవాడు మొదటిసారే ఆగుతాడు. మన గుంపులకైతే నేను ఇంకొకటి కలుపుతాను. ఎవరి మనవిని వాళ్లే చెప్పాలి, బయటకు మోయాలంటే వాళ్లను అడిగి మోయాలి. ఒకవేళ ఎవరైనా కొట్టుడు గురించో, చావాలనిపిస్తోందనో చెబితే అప్పుడు జవాబు చెప్పకూడదన్న నియమం పక్కన పెట్టాలి. కూడిక అయ్యాక ఆమె దగ్గర కూర్చుని, తోడుగా ఉండి, సాయం చేయగలిగినవాళ్ల దగ్గరకు తీసుకెళ్లాలి. చిన్న గుంపు చికిత్సాలయం కాదు, పోలీసు స్టేషను అంతకన్నా కాదు.

మొదలుపెట్టేవాళ్లు భాగాలను ఎంచుకోవడంలో తొందరపడొద్దు. సువార్తల్లోని చిన్న కథలు మేలు: బర్తిమయి, లూకా 19లో మేడిచెట్టెక్కిన జక్కయ్య, లూకా 24లో ఎమ్మాయు దారిలో ఇద్దరు, యోహాను 4లో బావి దగ్గర సమరయ స్త్రీ. కథలో మనుషులుంటారు కాబట్టి ఎవరో ఒకరి పక్కన మనం నిలబడగలం. పదిహేను వచనాలు దాటకపోతే ఇంకా మంచిది. ఎమ్మాయు కథ, సమరయ స్త్రీ కథ పొడుగు, వాటిని రెండు మూడు వారాలకు పంచుకోవాలి. రోమా పత్రిక కొన్నాళ్లు ఆగవచ్చు. ప్రకటన గ్రంథాన్ని మాత్రం బైబిలు స్టడీకే వదిలేయండి. అది తెరిచిన రాత్రి మౌనం మెట్టు దాకా వెళ్లిన గుంపు ఉండదు, అందులోని మృగపు సంఖ్య 666 దగ్గరే రాత్రి పదకొండు కొడుతుంది.